బార్బెక్యూలో వెనక్కి వెళ్ళిన చికెన్, వారం మధ్యలో రాత్రి వంట, ఇంకొన్ని విషయాలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

ఈసారి లైబ్రరీ పుస్తకాల గురించి మొదలుపెడదాం అనుకున్నా, కానీ శనివారం మన స్కూల్ బార్బెక్యూ అయిన రాత్రి నుంచి క్లాస్ గ్రూపుల్లో నడుస్తున్న కథలు విన్నాక ముందు ఆ చికెన్ సంగతి తేల్చేయడమే మంచిది అనిపించింది. ఒక గ్రూపులో చికెన్ పాడైపోయిందట, ఇంకో గ్రూపులో ఎవరో పిల్లాడికి వాంతులయ్యాయట, మూడో గ్రూపుకి వచ్చేసరికి ట్రేలకి ట్రేలు చెత్తబుట్టలో పోయించానట. ఇవేవీ జరగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు, చికెన్ ఒక్క ముక్క కూడా పారెయ్యలేదు, కాస్త లేటుగా అందరూ తిన్నారు.

జరిగింది ఇది. మన ఎనిమిదో తరగతి పాప ఒకమ్మాయి థర్మామీటర్ పట్టుకుని గ్రిల్ దగ్గర డ్యూటీలో ఉంది. లెగ్ పీసుల ట్రే బయటికి రాగానే ఎముకకి తగలకుండా బాగా మందంగా ఉన్న చోట గుచ్చి చూసింది, 61 డిగ్రీలు. చికెన్ లోపల 74 రావాలి. "ఇంకా అవ్వలేదు" అని ట్రే మొత్తం మళ్ళీ గ్రిల్ మీదికి పంపించింది. క్యూలో ముందున్న ఒక నాన్నగారు "పైన ఇంత బాగా కాలింది కదమ్మా, వేసెయ్" అన్నారు. "పైన కాలితే సరిపోదు అంకుల్, లోపల ఉడకాలి" అనేసి మూత దించేసింది. నేను పక్కనే ఉన్నా, నోరు విప్పాల్సిన పనే పడలేదు. పెద్దవాళ్ళు అంతమంది ప్లేట్లు పట్టుకుని నిలబడి చూస్తుంటే ఆ వయసులో మనలో ఎంతమందిమి అలా చెప్పగలిగేవాళ్ళమో ఆలోచించండి. లేటయిందని నాకు మెసేజ్ పెట్టినవాళ్ళకి ఇదే నా జవాబు, మళ్ళీ అలాంటి ట్రే వస్తే మళ్ళీ వెనక్కే వెళ్తుంది.

ఇంతకీ పైన మాడి లోపల పచ్చిగా ఎందుకు ఉందో కూడా చెప్తా, ఎందుకంటే ఇళ్ళల్లో కూడా ఇదే జరుగుతుంది. బొగ్గులు అన్నీ మధ్యలో కుప్పగా పోసి, మంట ఇంకా పైకి లేస్తుండగానే ముక్కలు పెట్టేశారు. బొగ్గుల మీద బూడిద రంగు పొర కమ్మేదాకా ఆగాలి. తర్వాత వాటిని ఒక పక్కకి జరిపి, ముక్కల్ని ముందు నిప్పుల మీద రెండువైపులా రంగు రానిచ్చి, ఆ తర్వాత నిప్పులు లేని వైపుకి మార్చి మూత పెట్టాలి, ఎముక ఉన్న లెగ్ పీసులకి మొత్తం మీద 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది. తియ్యటి సాస్ మొదట్లోనే పూసేస్తే అందులో చక్కెర మాడి నల్లగా అయిపోతుంది, అది చూసి ఉడికిపోయింది అనుకుంటాం. సాస్ చివరి ఐదు పది నిమిషాల్లో పూస్తే చాలు. (శనివారం మొదట్లోనే పూసినవారి పేరు చెప్పను, ఆయనకి తెలుసు, మనిషి చాలా మంచివారు.) లోపల రంగు చూసి చెప్పేస్తాం అనేవాళ్ళు కూడా ఉన్నారు, రంగుని నమ్మలేం, పూర్తిగా ఉడికినా ఎముక దగ్గర ఒక్కోసారి గులాబీ రంగే ఉంటుంది. కీమాతో చేసిన ప్యాటీలు చికెన్‌వైతే అదే 74, మటన్ లేదా బీఫ్‌వైతే 71.

తొమ్మిదో తరగతి అబ్బాయి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పచ్చి చికెన్ తెచ్చిన ట్రేలోనే కాలిన ముక్కలు వెయ్యబోతుంటే ఆ ట్రే మెల్లగా లాక్కుని కడిగిన ట్రే పెట్టాడు, మిగిలిపోయిన మారినేడ్ పైన పోద్దామని ఎవరో అంటే "అందులో పచ్చి మాంసం నానింది, బాగా మరిగించకుండా పొయ్యకూడదు" అన్నాడు. శాకాహారం తినే పిల్లలకి వేరే గ్రిల్, వేరే పట్టకారు పెట్టాలన్న ఐడియా కూడా వాడిదే. ఆ గ్రిల్ మీద మష్రూములు, క్యాప్సికం, మొక్కజొన్న పొత్తులు కాల్చారు, సగం ఉడికించిన బంగాళాదుంపల్ని చీల్చి నూనె రాసి పెట్టారు. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా ముందు ఖాళీ అయింది ఆ దుంపలే. కూరగాయలు గుచ్చే చెక్క పుల్లలు మాత్రం అరగంట ముందు నీళ్ళల్లో నానబెట్టండి, లేకపోతే కూరగాయల కన్నా ముందు అవే కాలతాయి. మిగిలిన గుడ్డు సలాడ్ ఇంటికి ఇవ్వలేదని కొందరికి కోపం వచ్చింది, అది రెండు గంటలు దాటి టేబుల్ మీదే ఉంది, పారేయించింది నేనే. బాగా ఎండగా, 32 డిగ్రీలు దాటి ఉన్న రోజైతే గంటే లెక్క.

పుస్తకాలు శుక్రవారంలోగా లైబ్రరీకి ఇచ్చెయ్యండి. గేటు ముందు డబుల్ పార్కింగ్ వద్దు. వాటర్ బాటిళ్ళు ఆఫీసులో గుట్టగా ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళండి.

ఇప్పుడు నా మనసులో అసలు మాట. మన పిల్లలు ఆవిరి ఎలా పుడుతుందో బొమ్మ గీసి భాగాలు గుర్తించగలరు, గిన్నె మీద మూత ఎప్పుడు తియ్యాలో తెలీదు. శాతాలు లెక్కవేస్తారు, నలుగురికి అన్నం వండాలంటే ఎంత బియ్యం పొయ్యాలో చెప్పలేరు. దీనికి పిల్లల తప్పేం లేదు, మనం వాళ్ళని వంటింటి గుమ్మం దాటనివ్వట్లేదు, కత్తి ముట్టుకుంటే కేక వేస్తాం, స్టవ్ దగ్గరికొస్తే పో పోయి చదువుకో అంటాం, పద్దెనిమిదేళ్ళు వచ్చాక మాత్రం బయట ఉండి బతకమంటాం. వంట చదువుకి అడ్డం అంటే నేను ఒప్పుకోను, అదే చదువు. ఉల్లిపాయ రంగు మారడం, గుడ్డు గట్టిపడటం, ఉప్పుకి కూరగాయ నీరు వదలడం, ఇవన్నీ సైన్స్ ల్యాబులో చెప్పే పాఠాలే, ఇక్కడ తినడానికి కూడా పనికొస్తాయి. మొన్న వంట క్లాసులో ఆరో తరగతి బాబు ఒకడు జీవితంలో మొదటిసారి గుడ్డు పగలగొట్టాడు, గిన్నె అంచుకి రెండుసార్లు భయం భయంగా తట్టి, మూడోసారి గట్టిగా కొట్టి, పచ్చసొన చిట్లకుండా లోపల పడేసరికి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ గిన్నె పట్టుకెళ్ళి చూపించాడు. ప్రతి పిల్లా పిల్లాడు వారంలో ఒక రాత్రి ఇంట్లో అందరికీ భోజనం వండాలి, ఈ విషయంలో నేను తగ్గేది లేదు.

మాకు టైం ఎక్కడుంది అంటారని తెలుసు. చాలామంది ఇళ్ళల్లో వారం మధ్యలో రాత్రి భోజనం ఫోన్‌లోంచి వస్తోందని పిల్లలే చెప్తున్నారు, పెద్దవాళ్ళ అలసట నాకు అర్థమవుతుంది, కానీ ఆ ఆర్డర్ వచ్చేదాకా ఎదురుచూసే టైములోనే ఒక ట్రే వంట అయిపోతుంది. బంగాళాదుంప, క్యారెట్, కాలీఫ్లవర్, ఉల్లిపాయ ఒకే సైజులో కోసి, నూనె, ఉప్పు, మిరియాలు పట్టించి 200 డిగ్రీల ఓవెన్‌లో 40 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఇరికించొద్దు, అలా చేస్తే వేగవు, ఆవిరికి మెత్తబడిపోతాయి. ఓవెన్ లేదా, అయితే టమాటా ఉల్లిపాయ మగ్గించి అందులోనే గుడ్లు కొట్టి మూత పెట్టండి, ఏడెనిమిది నిమిషాల్లో రెడీ. ఎర్ర మసూర్ పప్పు నానబెట్టక్కర్లేదు, ఇరవై నిమిషాల్లో మెత్తగా ఉడుకుతుంది. నిన్నటి అన్నంతో ఫ్రైడ్ రైస్ చాలా బాగుంటుంది, అయితే ఆ అన్నం రాత్రంతా స్టవ్ మీద ఉన్నది కాకూడదు, వండిన గంటలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినదై ఉండాలి. చల్లారకుండా బయట ఉన్న అన్నంలో కొన్ని బ్యాక్టీరియాలు వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆదివారం గ్రిల్ మీద రెండు ముక్కలు ఎక్కువ కాల్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సోమవారం అవే చీల్చి ఈ అన్నంలో వేసుకోవచ్చు, పొగలు వచ్చేదాకా వేడిచేస్తే చాలు.

పోయిన వారం ఇచ్చిన వంట హోంవర్క్ గురించి కూడా రెండు మాటలు, చాలా గౌరవంగానే చెప్తున్నా. ఫోటోలు చాలా అందంగా వచ్చాయి, అందరికీ థ్యాంక్స్. ఐదో తరగతి పాప చేసిన సలాడ్ అని పంపిన ఫోటోలో కత్తి పట్టుకున్న చేతికి రిస్ట్ వాచ్, రెండు ఉంగరాలు ఉన్నాయి, కీరా ముక్కలు స్కేలుతో కొలిచినట్టు ఉన్నాయి. మాకు అలాంటివి వద్దండీ. వంకరగా కోసినవి, కాస్త మాడినవి పంపండి, మార్కులు వాటికే. అలాగే లంచ్ బాక్సులో పైన ఒక పండు పెట్టి కింద మూడు చిప్స్ ప్యాకెట్లు దాచే పద్ధతి మా టీచర్లు ఎప్పుడో కనిపెట్టేశారు. ముద్దకొక వీడియో చూపించి తినిపించిన పిల్లలు ఇక్కడ టేబుల్ దగ్గర కూర్చుని ప్లేటు వైపు చూస్తూ ఉండిపోతున్నారు, ఫోన్ కోసం. దయచేసి రాత్రి భోజనానికైనా దాన్ని పక్క గదిలో పెట్టండి.

పిల్లలు వండుతున్నప్పుడు పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కన ఉండాలి, చేతులు కట్టుకుని ఉంటే ఇంకా మంచిది. పచ్చి చికెన్‌ని కుళాయి కింద కడగనివ్వొద్దు, ఆ తుంపరలు సింక్ చుట్టూ పడతాయి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. వాన వచ్చిందని బొగ్గుల గ్రిల్‌ని ఇంట్లోకో గ్యారేజీలోకో తీసుకురావద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, కిటికీలు తీసినా ప్రమాదమే.

వచ్చే బార్బెక్యూకి గ్రిల్ దగ్గర నిలబడటానికి పెద్దవాళ్ళు నలుగురు కావాలి, థర్మామీటర్ మాత్రం పిల్లల దగ్గరే ఉంటుంది. రాగలిగినవాళ్ళు సోమవారం లోపు ఆఫీసులో పేరు ఇవ్వండి.

మీ హెడ్