పిల్లలను మళ్ళీ ఉప్పలపాడు తీసుకువెళ్దాం

గుంటూరు

చి.ల.సౌ. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులతో వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మీరు సంక్రాంతికి నాలుగు రోజులు ముందుగానే వస్తున్నారని తెలిసినప్పటి నుంచి అమ్మ అరిసెల ఏర్పాట్లలో ఉంది; నేను మాత్రం పిల్లలిద్దరినీ ఆ నాలుగు రోజులూ ఆరుబయట ఎలా తిప్పాలా అని ఆలోచిస్తున్నాను.

నిరుడు ఉప్పలపాడు చెరువు దగ్గర నేను చేసిన పొరపాటు నీకు చెప్పలేదు. గట్టు మీదికి చేరింది మొదలు పెద్దవాడికి ఒక్కొక్క పక్షినీ చూపించి, పేరు చెప్పి, మళ్ళీ అప్పజెప్పమన్నాను. పావుగంటకే వాడు ఇంటికి వెళ్దామన్నాడు. చిన్నది నా చెయ్యి వదిలించుకుని నేల మీద కూర్చుని, గూడబాతు పిల్ల ఒకటి తల్లి గొంతు సంచిలోకి మెడ దాకా తల దూర్చి మేత తింటుంటే రెప్ప వెయ్యకుండా చూసి, తల్లి దాన్ని మింగేస్తోందేమోనని భయపడి నన్ను అడిగింది. నేను చెప్పిన పేర్లన్నిటికన్నా ఆ ప్రశ్న ఎంతో విలువైనదని నాకు ఇంటికి వచ్చాక గాని తోచలేదు.

అందుకని ఈసారి పొద్దున్నే, ఎండ ఎక్కకముందే వెళ్ళి, ఒక్కచోటే గంటసేపు కూర్చుందాం. చెరువులోని తుమ్మ చెట్ల మీదా, పక్షుల కోసం నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్ళు ఉంటాయి కదా, వాటిలో ఒక్క గూటిని పిల్లలే ఎంచుకోవాలి. తల్లిదండ్రులలో ఎవరు వచ్చారు, పుల్ల తెచ్చారా మేత తెచ్చారా, మళ్ళీ ఎంతసేపటికి వచ్చారు అని పెద్దవాడు గడియారం చూసి నోటుబుక్కులో వ్రాసుకుంటాడు. చిన్నది తనకు నచ్చినట్లు బొమ్మ వేసుకుంటుంది. ఎర్రకాళ్ల కొంగలలో కొన్ని గులాబీ రంగు ఈకలు లేకుండా మట్టిరంగులో ఎందుకున్నాయని వాళ్ళు అడిగితే, అవి ఇంకా ఎదగని పిల్లలని అప్పుడు చెబుతాను. అడగకపోతే నేను నోరు విప్పను. నువ్వు కూడా విప్పవద్దు, ఇది నా మనవి. కేకలు వెయ్యకూడదనీ, తినేవి విసరకూడదనీ మాత్రం ముందే చెప్పి తీసుకురా. గూట్లో ఉన్న పక్షిని బెదిరిస్తే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ దొరికిపోతాయి.

మిగిలిన రోజులకు ఎక్కడికీ వెళ్ళనక్కర లేదు. మన పెరట్లోని కొబ్బరిచెట్టు ఎత్తు ఎంతో చెట్టెక్కకుండా పెద్దవాడి చేత కొలిపించాలని ఉంది. పది గంటల ఎండలో మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడను కొలిచి, వెంటనే చెట్టు నీడనూ కొలవాలి. కర్ర నీడ 1.2 మీటర్లు, చెట్టు నీడ 14.4 మీటర్లు వచ్చిందనుకో, చెట్టు 12 మీటర్లన్నమాట. అదే లెక్కను సాయంత్రం మళ్ళీ చేయించాలి. నీడలు రెండూ సాగిపోయినా జవాబు అదే వస్తుంటే వాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలని నా ఆశ. మీ తాతగారు నా చేత తాటిచెట్టు కొలిపించింది కూడా ఇలాగే.

రాత్రి ఏడింటి తరువాత మేడ మీద చాప పరుద్దాం. జనవరిలో ఆ వేళకు కృత్తికలు దాదాపు నడినెత్తిన ఉంటాయి. మా అమ్మ వాటిని పిల్లలకోడి అనేది. ఎవరికి ఎన్ని చుక్కలు కనబడుతున్నాయో విడివిడిగా లెక్కపెట్టి చెప్పాలి. మామూలుగా ఆరు కనబడతాయి, నాకు ఈ మధ్య నాలుగు దాటడం లేదు. చిన్నదాని కళ్ళకు ఎన్ని అందుతాయో.

పిల్లలకు ముదురు రంగు నూలు బట్టలు రెండేసి జతలు పెట్టు. మట్టి అయినా ఏమీ అనవద్దు. నా పాత బైనాక్యులర్స్ బాగు చేయించి ఉంచాను. ఏ రైలుకు బయలుదేరుతున్నారో వ్రాస్తే స్టేషనుకు వస్తాను. అల్లుడుగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న