‘సింక్’ నత్తనడకకు ర్యామ్ మందు కాదు

సంపాదకులకు,

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌లో ఒకే భవనం మోడల్ మీద నలుగురైదుగురు పనిచేసే ఆఫీసులు తిరుపతిలోనూ ఉన్నాయి. ఎవరి మార్పులను వారు ఉమ్మడి (సెంట్రల్) ఫైల్‌లో కలిపే ‘సింక్’ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటే చాలామంది ముందు ర్యామ్ కొంటారు. దండగ ఖర్చు. సెంట్రల్ ఫైల్‌ను డిటాచ్ చేసి (విడి కాపీగా తెరిచి), సొంత కంప్యూటర్ ఎస్‌ఎస్‌డీలో సేవ్ చేసి, ఓ గోడ జరిపి సింక్ చేసి చూడాలి. అక్కడా నిదానమే అయితే లోపం చాలావరకు మోడల్‌దే. చకచకా అయిపోతే సర్వర్‌నో నెట్‌వర్క్‌నో అనుమానించాలి.

తరచూ దొరికే దొంగ కేబులే. గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వేగానికి వైరులోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. క్రింపింగ్ (కేబుల్ కొసకు ప్లగ్ బిగించడం) సరిగా లేక ఒక్క తీగ వదులైనా లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. బ్రౌజింగ్ మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సర్వర్ నుంచి 400 ఎంబీ లోకల్ కాపీ తెచ్చుకోవడానికే అప్పుడు కనీసం 32 సెకన్లు. గిగాబిట్‌లో నాలుగు చాలు. విండోస్ ఈథర్‌నెట్ స్టేటస్‌లో స్పీడ్ కనిపిస్తుంది. వైఫై మీద సింక్ అసలే వద్దు.

మోడల్‌దే తప్పయితే ఇంపోర్ట్ చేసిన డీడబ్ల్యూజీలు (ఆటోక్యాడ్ డ్రాయింగులు) తీసి లింక్ చేయాలి, రెవిట్ చూపే వార్నింగులు తగ్గించాలి, ఫైల్‌లో లోపాలు వెతికే ‘ఆడిట్’ పెట్టి తెరవాలి. ఫైల్ సైజు తగ్గించే ‘కాంపాక్ట్’ టిక్ పెట్టిన సింక్ ఇంకా ఆలస్యమవుతుంది, అందరూ ఇళ్లకు వెళ్లాకే చేయాలి. భోజనానికి లేస్తూ అందరూ ఒకేసారి సింక్ నొక్కితే మాత్రం క్యూ తప్పదు. దానికి ఏ మెషీనూ ఏమీ చేయలేదు.

– భవన డిజైన్ సాంకేతిక సిబ్బంది, తిరుపతి