వార్షిక నివేదిక 2025–26: కాలువ నాచు పని, ఇతర విషయాలు

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక, ఏలూరు కాలువలో మన కాలనీ వెనక మిగిలిన మడుగుల నిండా నాచు పేరుకుంది. ఆ వాసనకు గట్టు వైపు ఇళ్లవాళ్లు కిటికీలు తీయలేదు. గుర్రపు డెక్క తీయడానికి మిషన్లు వస్తాయి గానీ, నాచు గురించి అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయాన్ని చూపించింది. ఇచ్చిన అర్జీల నకళ్లు ఫైల్లో ఉన్నాయి, ఓపిక ఉన్నవారు చూడవచ్చు.

చివరికి మనమే దిగాం. దోమతెర గుడ్డను వెదురు గడలకు కట్టి లాగాం. ఇదివరకు తీసిన నాచును గట్టు మీదే పోసేవాళ్లం. అది కుళ్లి, మొదటి వానకే అందులోని నత్రజని, భాస్వరం మళ్లీ కాలువలోకే దిగేవి. అసలు అవి మన డ్రైనేజీ నీళ్లతో వెళ్లినవే. ఈసారి సంచుల్లో కట్టి, మన సభ్యులొకరు పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌కు పంపాం. మిద్దెతోట కుండీలకు కొంచెం ఇవ్వమని కొందరు అడిగారు, ఇవ్వలేదు. నీలి ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలకు విషం ఉంటుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వనందుకు నన్ను తిట్టుకున్నవారు క్షమించాలి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది కమ్యూనిటీ హాల్లో ఆ ల్యాబ్ వాళ్లు చేసిన ప్రదర్శన. తడి నాచులో ఎక్కువ భాగం నీళ్లే, ఎండబెట్టాలంటే ఖర్చు. అందుకే దాన్ని తడిగానే, బిగుతుగా మూసిన స్టీలు పాత్రలో సుమారు 200 డిగ్రీల దగ్గర ఉడికిస్తారట. ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న అనుకోండి. పాత్రలో నల్లటి బొగ్గుపొడి, టీ రంగు నీళ్లు మిగులుతాయి. పొడిని ఆమ్లంతో కడిగితే అందులోని భాస్వరం ఆమ్లంలోకి దిగుతుంది. ఆ ఆమ్లాన్ని టీ రంగు నీళ్లలో కలిపి, మెగ్నీషియం ఉప్పు వేసి, క్షారం పెంచేసరికి గాజు బీకరు అడుగున తెల్లటి పలుకులు పేరుకున్నాయి. వాటి పేరు స్ట్రువైట్. సుమారు 13 శాతం భాస్వరం, 6 శాతం నత్రజని ఉండే ఎరువు. డీఏపీ ఎరువులా గబుక్కున కరిగిపోదు, మొక్కకు నిదానంగా అందుతుంది. ముందు వరుసలో కూర్చున్న రిటైర్డ్ వ్యవసాయాధికారి గారు రెండు పలుకులు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇదేదో పనికొచ్చేదే" అన్నారు. ఆయన అంతమాట అనడం అరుదు.

కడిగిన పొడిని ఘాటు క్షారమైన కాస్టిక్ పొటాష్‌తో కలిపి, గాలి తగలకుండా 700 డిగ్రీల పైన వేడిచేస్తే కంటికి కనిపించని రంధ్రాలతో నిండిన కార్బన్ అవుతుంది. విద్యార్థులు దాంతో చేసిన సూపర్ కెపాసిటర్లు, అంటే కరెంటు దాచుకునే చిన్న పరికరాలు, మూడింటిని వరుసగా కలిపి ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించారు. హాలంతా చప్పట్లు! ఇన్వర్టర్ నడుస్తుందా అని ఒక పిల్లాడు అడిగాడు. నడవదు. ఇది బ్యాటరీ అంత కరెంటు దాచుకోలేదు, కాకపోతే చాలా త్వరగా ఛార్జ్ అవుతుంది. మన నాచుతో ఊరికి కరెంటు వస్తుందని వాట్సాప్‌లో పెట్టినవారు దయచేసి ఆ మెసేజ్ తీసేయండి.

ల్యాబ్ అధ్యాపకులకు, విద్యార్థులకు, ఆటో ట్రాలీ ఉచితంగా ఇచ్చిన సభ్యునికి, మజ్జిగ పంపిన డ్వాక్రా అక్కచెల్లెళ్లకు, మైకు సెట్టు పెట్టిన తమ్ముడికి ధన్యవాదాలు. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లంతా ఆదివారం పొద్దున గట్టు మీదికి వచ్చి ఉంటే పని మధ్యాహ్నానికే అయిపోయేది. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. వారి పేర్లు నోటీసు బోర్డులో ఉన్నాయి, రానివారి పేర్లు నా దగ్గర ఉన్నాయి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక కోశాధికారి గారి దగ్గర చూసుకోవచ్చు. సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి శిబిరం యథాప్రకారం జరిగాయి.

వచ్చే వేసవికి కాలువలకు నీళ్లు ఆపకముందే వలలు, గ్లౌజులు కొనాలి. దానికి సమావేశం ఆమోదం కావాలి. చందా బాకీలున్నవారు ఓటింగుకు ముందే రసీదు తీసుకోగలరు. సమావేశం తర్వాత పులిహోర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి