మాజీ సైనికుడు, లాయర్ అయిన మా ఎమ్మెల్యే గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి నమస్కారం సార్,

మీరు ఆర్మీలో పనిచేసి, లా చదివి, కోర్టులో వాదించి ఇప్పుడు రాజకీయాల్లోకి వచ్చినందుకు మా అనంతపురం జిల్లా మాజీ సైనికుల ఇండ్లల్లో చానా సంతోషపడినాం. మా భూముల గురించి అర్జీలు ఇచ్చినాం, జవాబు రాలేదు, అందుకే నలుగురి ముందర రాస్తున్నా.

మా నాయనకు సైనికుడిగా ఇచ్చిన డీపట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) భూమి ఇంకా రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలోనే ఉంది. మాజీ సైనికులు 10 ఏళ్లు దాటినాక ఆ భూమి అమ్ముకోవచ్చని రూల్ ఉంది, లాయర్‌గా మీకు తెలిసిందే, అయినా రిజిస్ట్రేషన్‌కు పోతే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మంటారు, దానికి పోతే ఫైల్ పైన ఉందంటారు, పైన ఎవరి దగ్గరో మాత్రం ఎవరూ చెప్పరు. వానల్లేక శనక్కాయ పోయింది, బోరు ఎండింది, అమ్మ వైద్యానికి ఒక్క ఎకరా అమ్ముకోలేక వడ్డీకి తెచ్చినాం. బార్డర్లో కాపలా కాసిన మనిషి ఈ వయసులో ఆఫీసు మెట్ల మీద కూర్చోనుంటే చూడలేకపోతున్నా సార్, మా ఊర్లో ఇట్లాంటోళ్లు ఇంకా ఉన్నారు.

మాజీ సైనికుల భూముల ఫైళ్ల మీద రెవెన్యూ అధికారులతో రివ్యూ పెట్టించండి. అర్హత ఉన్నవి 22-ఏ నుంచి తీయించండి, లేనివాటికి కారణం రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ రివ్యూ ఏ తేదీనో అందరికీ తెలిసేలా ప్రకటించండి.

ఇట్లు,
ఒక మాజీ జవాన్ కొడుకు