చౌడు చెరువు కాడ్నించి

ఒరేయ్ మామా,

ఫోన్లో చెప్తే సగంలో క్రికెట్ లోకి పోతావ్, అందుకే కూర్చోని రాస్తన్నా, ఓపిగ్గా చదువు.

మే నెలాఖర్లో రెజైనా నుంచి చాప్లిన్ లేక్ కి పోయినాం. ట్రాన్స్ కెనడా హైవే మీద పడమరకు గంటన్నర పైనే డ్రైవింగ్, చెట్టనేదే లేదు, గాలి మాత్రం కారు డోర్ పీకేసేట్టు కొడ్తాంది. చెరువు కనపడంగానే మా ఆవిడ "ఇంకా మంచు కరగలేదా" అనింది. మంచు కాదురా, ఉప్పు! ఒడ్డంతా తెల్లగా పేరుకుపోయి ఉంది, నాకైతే కేసీ కెనాల్ కింద చౌడు పొంగిన మళ్ళే గుర్తొచ్చినాయి. దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనుకున్యా, నిజం చెప్తన్నా.

ఇక్కడి చెరువుల కథేందంటే నీళ్ళు లోపలికి వస్తాయి గానీ బయటికి పోయే దారి లేదు. ఏరుల్లేవ్, అలుగుల్లేవ్. ఎండకూ గాలికీ నీళ్ళు ఆవిరైపోతే లవణాలు మిగిలిపోతాయి, హిమనదాలు కరిగిపోయిన కాలం నుంచీ ఇదే తంతు. మన తిండి ఉప్పు కాదులే, ఎక్కువగా సోడియం సల్ఫేట్. చాప్లిన్ లో 1948 నుంచి దాన్ని తవ్వే ఫ్యాక్టరీ ఉంది, అది డిటర్జెంట్ పౌడర్లలోకి పోతుందంట. మా అవ్వ వంకలో చౌడు మన్ను గోకి తెచ్చి దుప్పట్లు ఉడకేసేది చూడు, అదే పని వీళ్ళు లారీలతో చేస్తన్నారు అంతే.

ఆ ఉప్పుకి చేపలు బతకవు. చేపల్లేవు కాబట్టి బ్రైన్ ష్రిమ్ప్ అని గోరంత రొయ్యలు కోట్లల్లో పుడ్తాయి, చెరువు ఎండినా వాటి గుడ్లు దుమ్ములో ఏళ్ళ తరబడి అట్లనే ఉండి మళ్ళీ తడి తగిలితే లేస్తాయి. ఇగ పిట్టలకు అంతకన్నా పెళ్ళిభోజనం ఏముంటది! శాండర్‌లింగ్ అని ఒకటుంది, గుప్పెట్లో పట్టేంత పిట్ట, అరవై గ్రాములు కూడా ఉండదేమో, పెరూ చిలీ సముద్రపు ఒడ్డుల నుంచి ఎగిరొచ్చి ఇక్కడ రెండు మూడు వారాలు మేసి ఒళ్ళు చేసి ఆర్కిటిక్ కి పోయి గుడ్లు పెడ్తది. వేలల్లో ఒకేసారి లేచి తిరిగితే ఒక పక్క తెల్లగా ఇంకో పక్క మాయమైనట్టు, నేను ఫోన్ తీసేలోపే అయిపాయె. చాప్లిన్, ఓల్డ్ వైవ్స్, రీడ్ ఈ మూడు చెరువుల్ని కలిపి 1997లో నీటి ఒడ్డు పిట్టలకు ఈ అర్ధగోళం మొత్తంలోనే ముఖ్యమైన జాగా అని గుర్తించినారు.

ఫలరోప్ అని ఇంకో జాతి, నీళ్ళ మీద బొంగరం మాదిరి గిర్రున తిరిగి అడుగున ఉండే పురుగుల్ని పైకి లాక్కుంటది. వీటిల్లో ఆడదానికే రంగులెక్కువ, గుడ్లు పెట్టేసి పోతది, పొదిగేది మగాడే. మా ఆవిడకు తెగ నచ్చింది, కారులో ఇంటిదాకా అదే ముచ్చట.

ఒక తప్పు చేయబోయినా రా. ఫోటో కోసం గులకరాళ్ళ ఒడ్డు మీదికి దిగబోతుంటే ఒక పెద్దాయన వెనకనుంచి కేకేసినాడు. అక్కడ పైపింగ్ ప్లవర్ అనే పిట్ట గుడ్లు పెడ్తదంట, గూడు లేదు పాడు లేదు, రాళ్ళల్లో చిన్న గుంట, గుడ్లు అచ్చం గులకరాళ్ళే. ఇప్పటికే అంతరించిపోయే లిస్టులో ఉంది, మన చెప్పు కింద పడితే ఇంకేముంది. సిగ్గేసింది.

చెరువు దాటితే అంతా గడ్డి. స్ప్రాగ్స్ పిపిట్ అని ఊరపిచ్చుక సైజు పిట్ట, ఆ గడ్డి నేలలోనే గూడు, మగది ఆకాశంలో చుక్కలా నిలబడి అరగంట సేపు దిగకుండా పాడ్తది. దున్నితే అది పోయినట్టే. ఈ సస్కాచెవాన్ రాష్ట్రంలో దున్నని గడ్డి ఇరవై శాతం కూడా మిగల్లేదు, మిగతాదంతా గోధుమ, కనోలా అనే నూనెగింజ, ఆమీద మైసూరు పప్పు. నవ్వొద్దు, మన షాపుల్లో కొనే మైసూరు పప్పులో కొంత ఈ నేలదే! కాబట్టి ఇక్కడి రైతును తిట్టడానికి నాకు నోరు రాదు. పైగా గడ్డి మిగిలిన చోట్ల దాన్ని కాపాడేది చాలాసార్లు పశువుల్ని మేపుకునేవాళ్ళే.

మన రోళ్ళపాడు గుర్తొచ్చింది రా. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే సాంక్చురీ చేసినారు, చుట్టూ కాలవ నీళ్ళొచ్చి బీళ్ళన్నీ పొలాలైపాయె. మనం నందికొట్కూరు బస్సులో ఆ పక్కగా ఎన్నిసార్లు పోయినామో, ఒక్కసారన్నా దిగినామా? "ఏముంది ఆడ, బీడు" అనేవాళ్ళం. నేను ఈడికొచ్చి చౌడు చెరువు చూడ్డానికి పెట్రోల్ తగలేస్తన్నా.

సంక్రాంతికి వస్తన్నా, బండి సర్వీసింగ్ చేయించి పెట్టు, తెల్లారకముందే పోదాం. బట్టమేక కనపడుతుందని ఆశ లేదు గానీ జింకలన్నా చూస్తాం.

ఉంటా, కుక్కర్ మూడో కూత వేసింది. మైసూరు పప్పే.

నీ
సీనుగాడు