లేవగలరా అని చూడటానికి వస్తారు, లేవడం నేర్పడానికి రారా?

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతం వచ్చి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇస్తున్న రూ.15,000 పింఛను గురించి, అందులో అనర్హుల ఏరివేత గురించి మీ పత్రికలో వార్తలు చదువుతూనే ఉన్నాను. 2024 జులైలో రూ.5,000 పింఛనును ఒక్కసారిగా ఆ మొత్తానికి పెంచినప్పుడు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. 2025లో డాక్టర్ల బృందాలు ఇళ్లకు వెళ్లి తనిఖీ చేసినప్పుడు మా వెనక వీధికి కూడా వచ్చాయి. అక్కడ మంచంలో ఉన్న పెద్దాయన కాలు ఎత్తి చూశారు, చెయ్యి పైకి లేపమన్నారు, కాగితాలు నింపుకుని వెళ్లారు. తప్పు పట్టడం లేదు, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి. కానీ మనిషి లేవగలడా లేడా అని చూడటానికి ఇంటి గడప దాకా రాగలిగిన ప్రభుత్వం, లేవడం నేర్పడానికి మాత్రం ఎందుకు రాదు?

ఇది ఊరికే అడుగుతున్న మాట కాదు. 2023 కార్తిక మాసంలో మా వారికి పక్షవాతం వచ్చింది. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, మూతి పక్కకు పోయింది. 108లో జిల్లా కేంద్రానికి చేరడానికి రెండున్నర గంటలు పట్టింది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. పడింది. ఆ డాక్టర్లను ఇప్పటికీ తలుచుకుంటాను. ఆరో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో ఏడు మందులు, ఒక్కోదానికి ఎదురుగా ఏ పూట వేసుకోవాలో, తిండికి ముందో తర్వాతో రాసి ఉంది. అడుగున మాత్రం ‘ఫిజియోథెరపీ చేయించాలి’ అని ఒక్క ముక్క. ఎవరి దగ్గర, రోజుకు ఎంతసేపు, ఎన్ని నెలలు? బిళ్లకు వేళ ఉంది, వ్యాయామానికి లేదు.

ఆ ఖాళీని ఊరు నింపింది. పావురం రక్తంతో రుద్దమన్నవారు ఒకరు, ఫలానా చోట పసరు పోస్తారన్నవారు ఇంకొకరు. చూడటానికి వచ్చిన చుట్టాలు ప్రేమకొద్దీ ఆయన పడిపోయిన చేతినే పట్టుకుని పైకి లేపేవారు. కండరాలు సడలిన భుజాన్ని అలా లాగితే కీలు దెబ్బతింటుందని మాకు తెలియదు. పది రోజుల్లో ఆ భుజం నొప్పి పక్షవాతం కంటే ఎక్కువ బాధ పెట్టింది.

చివరికి పక్క పట్నం నుంచి స్కూటీ మీద వచ్చే ఒక ఫిజియోథెరపిస్టు దొరికింది. పాతికేళ్లు ఉంటాయేమో. ఏ యంత్రమూ తేలేదు. మా ఇంట్లో ఉన్న కుర్చీ కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించి, ఆ ఎత్తు మీద నుంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం మొదలుపెట్టించింది. పడిపోకుండా ఆయన నడుముకు తుండుగుడ్డ బిగించి, దాన్ని పట్టుకోమని నాకు చూపింది. పదిసార్లతో మొదలైంది. మూడు వారాలకు ఒక్కో ఇటుక తీశాం, ఆరు వారాలకు రెండోదీ పోయింది. లెక్క తప్పకుండా ఉండటానికి చింతగింజలు పెట్టింది. లేచిన ప్రతిసారీ ఒక గింజను పడిపోయిన చేత్తోనే ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలో వేయాలి. కాలికీ చేతికీ ఒకే దెబ్బకు పని! ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను గానీ ఇంత తెలివైన ప్రయోగం ఒక్కటీ చేయించలేదు. ఇప్పుడు ఆయన కర్ర సాయంతో గేటు దాకా వెళ్లి మీ పత్రికను తనే తెచ్చుకుంటున్నారు. అక్కడే నిలబడి ముఖ్య వార్తలు చదివేసి, చదివినవన్నీ నాకు చెప్పేసి మరీ ఇస్తారు.

ఇందులో మహిమ ఏమీ లేదు. మెదడులో చనిపోయిన భాగం తిరిగి బతకదు, కానీ ఒక పనిని పదే పదే చేయిస్తే మిగిలిన భాగాలు ఆ పనిని అందిపుచ్చుకుంటాయి. కాళ్లూ చేతులూ మంచం మీద పెట్టి ఆడించడం కంటే, లేవడం, మెట్టు ఎక్కడం, చెంబు ఎత్తడం లాంటి అసలు పనులనే సాధన చేయించడం అందుకే. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. ‘ఆరు నెలలు దాటాయి, ఇక రాదు’ అని పెదవి విరిచే వాళ్లకు మాత్రం ఒక మాట చెప్పాలి. 2011లో అమెరికాలో 408 మంది పక్షవాత రోగులతో జరిగిన అధ్యయనంలో కొందరికి శరీర బరువును మోసే ట్రెడ్‌మిల్ మీద రెండో నెలలో, కొందరికి ఆరో నెలలో నడక నేర్పారు. ఇంకొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్లి వ్యాయామం చేయించారు. ఒక్కొక్కరికి 36 సిట్టింగులు. ఏడాది తిరిగేసరికి మొత్తం మీద 52 శాతం మంది నడక మెరుగుపడింది, మూడు గుంపుల మధ్య తేడా లేదు. ఖరీదైన యంత్రానికీ ఇంటి వ్యాయామానికీ ఫలితం ఒకటే, ఆలస్యంగా మొదలుపెట్టినవారూ వెనకబడలేదు.

ఇక డబ్బు. ఆ అమ్మాయి సిట్టింగుకు రూ.500 తీసుకుంది. 36 సిట్టింగులకు రూ.18,000. అంటే ప్రభుత్వం ఇస్తున్న పింఛనులో ఒక నెలా ఆరు రోజుల సొమ్ము. నాకు పెన్షన్ వస్తుంది కాబట్టి పెట్టుకోగలిగాను. కూలికి వెళ్లే ఇంట్లో అది కుదిరే పని కాదు. ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా రూ.5 లక్షల చికిత్స అన్నారు. అది ఆసుపత్రిలో చేరినవారికే వర్తిస్తుంది, ఇంటికి పంపాక 15 రోజులతో సరి. పక్షవాత రోగికి అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ముసలివాళ్ల ఫిజియోథెరపీకి ఒక మనిషి ఉండాలని కేంద్రం కార్యక్రమం ఒకటి 2010 నుంచీ చెబుతూనే ఉంది. మాకు దగ్గరి కేంద్రంలో గది ఉంది, దానికి తాళమూ ఉంది.

ఇంట్లో వాళ్లకు నేర్పితే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. చవకైన మార్గమే. అదీ మన దేశంలో పరీక్షించి చూశారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు, ఫలితాలు 2017లో వచ్చాయి. కుటుంబానికి వ్యాయామాలు నేర్పి పంపిన గుంపులోనూ, మామూలు వైద్యం పొందిన గుంపులోనూ ఆరు నెలలకు చనిపోయినవారూ ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవారూ కలిపి చెరి 47 శాతం, అంటే తేడా ఏమీ రాలేదు. తుండుగుడ్డ పట్టుకోవడం నేనూ నేర్చుకున్నాను. ఇటుక ఎప్పుడు తీయాలో మాత్రం నాకు తెలిసేది కాదు.

ప్రభుత్వాన్ని అడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. పక్షవాత చికిత్స ప్యాకేజీలోనే మూడు నెలల ఫిజియోథెరపీని కలపాలి. ఊళ్లకు వచ్చే 104 వాహనంలో ఒక ఫిజియోథెరపిస్టును కూర్చోబెట్టాలి. ఈ చదువు పూర్తిచేసి చాలీచాలని జీతాలకు పనిచేస్తున్న పిల్లలు మన జిల్లాల్లోనే ఉన్నారు. మూడోది అన్నిటికంటే అవసరం: కోలుకుంటున్నవారి పింఛనును కనీసం ఏడాది పాటు ముట్టుకోకూడదు. మంచం మీద ఉంటే రూ.15,000, కర్ర పట్టుకుని నడిస్తే వికలాంగుల పింఛను రూ.6,000. లేవడానికి ప్రయత్నించే మనిషికి మనం చూపించే లెక్క ఇదా?

మొదట చెప్పిన పెద్దాయనకూ మా వారికీ పక్షవాతం వచ్చింది ఒకే చలికాలంలో. ఇద్దరిదీ ఒకే తీవ్రత అని నేను అనలేను, అది డాక్టర్లు చెప్పాలి. ఆయన దగ్గరికి మాత్రం ఏ ఫిజియోథెరపిస్టూ రాలేదు. తనిఖీ అయిన నెలకు, ఆ స్కూటీ అమ్మాయిని బతిమాలి పది సిట్టింగులు చేయించాను. ఇప్పుడు ఆయన మంచం అంచున, ఎవరూ పట్టుకోకుండా పది నిమిషాలు కూర్చుంటున్నారు, తన చేత్తో తనే అన్నం తింటున్నారు. ఈ మాట చెప్పి ఆయన భార్య నా చేతులు పట్టుకున్నారు. “టీచరమ్మా, ఈయన కూర్చుంటున్నాడని ఎవరితోనూ అనకండి, పింఛను తీసేస్తారేమో” అన్నారు.

అందుకే ఈ లేఖ అచ్చు వేస్తే మా ఊరి పేరు, నా పేరు వేయవద్దని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు
ప్రకాశం జిల్లా