అద్దె ఇళ్లు కట్టండి, నడపడం అద్దెదారులకే వదలండి

సంపాదకుల వారికి,

పేదలకు ఇళ్లంటే మన దగ్గర స్థలం పట్టా, కాదంటే టిడ్కో (రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) కట్టే ఫ్లాటు. రాష్ట్రంలో ఏ ప్రభుత్వం వచ్చినా ఆలోచన సొంతింటి దగ్గరే ఆగిపోతోంది. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి కూలి పనికో పిల్లల చదువుకో విజయనగరం వచ్చినవాళ్లకు ముందుగా కావలసింది పనికి నడిచి వెళ్లేంత దూరంలో ఓ అద్దిల్లు. ఊరికి దూరంగా గుంకలాం లేఅవుట్‌లో స్థలం ఇచ్చినా, రోజూ ఆటో ఛార్జీలకు ఎక్కడి నుంచి తెస్తారు?

దాసన్నపేటలో మేముండే చోట పోర్షన్లన్నిటికీ ఒకటే మోటారు. స్విచ్ ఓనరుగారి వరండాలో ఉంటుంది. ఆయన నిద్ర లేచి వేస్తేనే నీళ్లు. తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లేవాళ్లు రాత్రే బిందెలు నింపి పెట్టుకోవాలి. కరెంటుకు సబ్‌మీటరు ఉంది, యూనిట్ రేటు మాత్రం ఆయన చెప్పిందే. గట్టిగా అడిగితే ‘ఖాళీ చేసుకోండి’ అంటారు. అగ్రిమెంటూ లేదు, రసీదూ లేదు.

ఇలాంటి బాధలు ఇంకోచోట ఎలా తీరాయో చూడండి. లండన్‌లో 1865లో రస్కిన్ అనే రచయిత పెట్టుబడి పెడితే ఆక్టేవియా హిల్ అనే ఆవిడ పాత ఇళ్లు బాగుచేయించి పేదలకు అద్దెకిచ్చారు. అద్దె వసూలుకు వారం వారం వెళ్లే ఆడవాళ్లే మరమ్మతుల సంగతీ చూసేవారు. ఇళ్లు బాగుపడ్డాయి, పెత్తనం మాత్రం ఆవిడదే. 1970ల మొదట్లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, గోవన్ అనే పేటలో కథ మారింది. పాత ఇళ్లు కూల్చి జనాన్ని ఊరి చివరికి పంపే రోజులవి. అక్కడివాళ్లు సంఘం పెట్టుకుని, ఉన్న ఇళ్లలోనే స్నానాల గదులు కట్టించుకున్నారు. కమిటీలో కూర్చున్నది ఆ వీధివాళ్లే. 1974 చట్టంతో ఇలాంటి సంఘాలకు ప్రభుత్వ గ్రాంట్లు దొరికాయి, గ్లాస్గో అంతటా అవి పెరిగాయి.

మన కేంద్రం కూడా 2020లో వలస కూలీల కోసం అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ ఇళ్లను 25 ఏళ్లు నడిపే బాధ్యత ఓ సంస్థకు ఇమ్మంది. మరి ఉండేవాళ్ల మాటకు చోటేది? ఓనరు పోయి కంపెనీ వస్తే మాకు ఒరిగేదేముంది?

‘మనవాళ్లు అద్దె ఎగ్గొడతారు, ఇళ్లన్నీ లీడర్ల మనుషులకే పోతాయి’ అంటారు. రెండో భయం నిజమే. అందుకే ఇంటి కేటాయింపు మున్సిపల్ కార్పొరేషన్ లాటరీలో, జనం ముందే జరగాలి. మొదటిదానికి మాత్రం ఒప్పుకోను. మెప్మా (పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ) మహిళా సంఘాల్లో నెల నెలా పొదుపు రాసుకుని, బ్యాంకు కిస్తీలు కడుతున్న ఆడవాళ్లకు పాతిక ఇళ్ల అద్దె లెక్క ఒక లెక్కా?

కేంద్రం పట్టణ ఇళ్ల పథకం పీఎంఏవై అర్బన్ 2.0లో అద్దె ఇళ్లకూ వీలుంది కాబట్టి, కార్పొరేషన్ ఊళ్లోనే ఏదైనా స్థలంలో ఒక చిన్న బ్లాకు కట్టించాలి. స్థలం ఎవరికీ అమ్మకుండా కార్పొరేషన్ పేరునే ఉంచాలి. అద్దె వసూలు, మోటారు, మరుగుదొడ్ల రిపేర్లు అద్దెదారుల కమిటీకి వదిలి, జమాఖర్చులు ప్రతి నెలా గోడ మీద అతికించమనాలి. కమిషనర్ గారు ముందు ఆ స్థలం ఎక్కడిస్తారో చెప్పాలని కోరుతున్నాను.

— ఒక అద్దెదారు, దాసన్నపేట, విజయనగరం